అయిదులో పై సగం

అయిదుకీ మూడుకీ కింద పొట్ట ఒకటే, తేడా అంతా పైనే, అయిదుకి తలమీద ఒక అడ్డగీత, ఎడమపక్క చిన్న నిలువు, ఆ రెండూ బ్లేడుతో గీకేసి అక్కడ ఇంకో వంపు పెడితే మూడైపోతుంది, మూడేళ్ళుగా రోజుకి వంద అంకెలు రాస్తూ ఇంత చిన్న సంగతి నేను గమనించలేదేమిటి, ఇప్పుడైనా గమనించింది నేను కాదు, మాణిక్యాలరావు గారు, మా సార్, పొద్దున్న నేను రాగానే ఈ ట్రేసింగ్ పేపరు నా బల్లమీద పరిచి, బాల్కనీ కొలత దగ్గర వేలు పెట్టి, ఉమా, గీతలేం కదపక్కర్లేదమ్మా, గీత కొలవద్దు అంకె చూడండి అని కింద రాసే ఉంది కదా, ఈ అంకె ఒక్కటీ మూడు చేసెయ్యి, పై సగమే, అన్నారు, ఎంత నెమ్మదిగా అన్నారో, కాఫీలో పంచదార తగ్గించమన్నట్టు, ఆయన వేలి కింద ఉన్న ఆ అయిదడుగుల బాల్కనీ నిన్న మధ్యాహ్నం అల్లవరంలో స్లాబు కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగు చెక్కలు విప్పుతుంటే విరిగి పడింది, కింద పోలమ్మ ఉంది, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయింది.

పోలమ్మ ఇటుకలు మోసేది, నేను సైటుకి వెళ్తే చెక్కల దొంతి మీద దుమ్ము కొంగుతో దులిపి, కూకోండి ఇంజనీరమ్మగారండీ అనేది, నేను ఇంజనీర్ని కాదు, డిజైనర్ని అంటే, ఏదో ఒహటి లెండి, కాయితం మీద ఇల్లు గీసేరు కదా, మేం మోత్తే లేత్తాది, మీరు గీత్తే లేత్తాది అని నవ్వేది, బ్లేడు ముక్క వేళ్ళ మధ్య చల్లగా ఉంది, దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా సారే నేర్పారు, పొడిచినట్టు కాదు, పడుకోబెట్టి, ఇంకు పొర ఒక్కటే రావాలి, కాగితానికి తెలియకూడదు, ఆ తర్వాత గోటితో రుద్ది నునుపు చెయ్యాలి, లేకపోతే మళ్ళీ రాసిన ఇంకు పాకిపోతుంది, చెయ్యి తిరగాలమ్మా చెయ్యి తిరగాలి అంటూ, మొదటి ఆరు నెలలూ అంచు గీతలూ ఉత్తరం గుర్తూ తప్ప ఏమీ ఇవ్వలేదు, తర్వాత స్నానాల గదులు, తర్వాత మెట్లు, పోయినేడు ఇల్లు కట్టించుకునే ఒక పార్టీకి నన్ను చూపించి మా డిజైనరండీ అన్నారు, ఆ రోజు ముక్తేశ్వరం బస్సులో నిలబడే వెళ్ళినా కాళ్ళు నొప్పి పుట్టలేదు నాకు.

కాగితం మూలన రెండు గళ్ళు ఉంటాయి, గీసినది, సరిచూసినది, మొదటి గడిలో నా పొడి అక్షరాలు, రెండో గడిలో ఎప్పుడూ సార్‌వి, నా కళ్ళెప్పుడూ ఆ రెండో గడి మీదే, బస్సు టిక్కెట్ల వెనక ఆ గడి గీసుకుని నా పేరు రాసి చూసుకునేదాన్ని, ఎవరైనా చూస్తారేమోనని నలిపి పారేసేదాన్ని, ఇవాళ సార్ అదే మాట తెచ్చారు, ఈ గొడవ సద్దుమణగనీ, రామచంద్రపురం కాలేజీ బిల్డింగు మొత్తం నీకే వదిలేస్తాను, సరిచూసినది కూడా నువ్వే, ఈ లైన్లో పైకి రావాలంటే ఇలాంటివి ఒకటి రెండు దాటాలమ్మా అన్నారు, నా మనసెంత నీచమైందో, పోలమ్మ పోయి ఇంకా రోజు తిరగలేదు, ఆ మాట వినగానే నా గుండె ఒక్క క్షణం సంతోషంతో కొట్టుకుంది, సిగ్గేసింది, సిగ్గేసినా కొట్టుకుంది.

ఈ చోట గీకడం నాకు కొత్తేం కాదు, నిజానికి ఇది ముందు మూడే, నా చేత్తో రాసిన ముచ్చటైన మూడు, ఆ ఇల్లు కట్టించుకుంటున్న బుజ్జమ్మ గారు వచ్చి కూర్చున్నారు ఆ రోజు, ఆవిడ భర్త మస్కట్‌లో, తాటాకిల్లు తుఫానుకి ఎగిరిపోయాక రెండేళ్ళు పాకలో ఉన్నారు, బాల్కనీ ఇంకాస్త వెడల్పుంటే బాగుంటాదండీ, ఆయనొచ్చినప్పుడు ఉయ్యాల బల్ల ఏసుకుంటారండీ అన్నారు, దానికేం భాగ్యమండీ అని సార్ నా వైపు తిరిగి అయిదు చెయ్యమ్మా అన్నారు, ఊచలో సార్, స్లాబు మందం అని అడిగాను, అవే ఉంచు, ఉయ్యాల బల్లేగా, ఏం బరువు అన్నారు, ఫోను మోగింది, నాకు తెలుసు, కింద ఆసరా లేకుండా గాల్లోకి వచ్చే స్లాబు సంగతి కాకినాడలో డిప్లొమా రెండో ఏట చెప్పిన పాఠం, పైన ఊచలు ఎన్ని ఉండాలో వేళ్ళమీద లెక్క కట్టుకున్నాను కూడా, ఆయన ఫోను పెట్టేదాకా నిలబడదామనుకున్నాను, పెట్టేసరికి నా బల్ల దగ్గరికి వచ్చేసి ఉన్నాను, అంకె మొత్తం అంత బాగా గీకానని, అంకె ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను, ఛీ.

ఆ ఇల్లు కట్టిన ఆదినారాయణ మేస్త్రి గారు ఇప్పుడు పోలీసు స్టేషన్‌లో ఉన్నారు, పాతికేళ్ళుగా ఇళ్ళు కడుతున్న మనిషి, పార్టీ మాట విని మేస్త్రి సొంతంగా పెంచేశాడు, ప్లానులో మూడే ఉంది, అదీ సార్ చెప్పబోయేది, సైటుకిచ్చిన నీలం కాపీ రాత్రే తెప్పించేశారట, ఇక మిగిలింది ఈ కాగితమే, పన్నెండింటికి స్టేషన్ రైటరు వస్తాడు దీనికోసం, ఇప్పుడు పదకొండున్నర, నీ పేరే చెప్తున్నాడట ఆ మేస్త్రి, ఆఫీసులో ఉమమ్మగారినడగండి, ఆవిడికి తెలుసు అంటున్నాడట, చూడు చోద్యం అని నవ్వారు సార్, ఉమమ్మగారికి తెలుసు, ఇంతకీ నా గోరు ఎప్పుడు రుద్దింది, కాగితం మీద ఇంత నునుపుగా, చూస్తే మూడు ఉంది, అయిదు లేదు, నేనింకా ఏదీ అనుకోనేలేదు, గీకాలా వద్దా అని ఆలోచిస్తూనే ఉన్నాను, ఈలోపు చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, సార్ వచ్చి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, చెయ్యి తిరిగిందమ్మా నీకు, ఇక నేను నేర్పేదేం లేదు అని, రైటరుకి టీ చెప్పడానికి కిందికి దిగారు.

నేనూ ఎత్తి చూశాను, ఆ చోట కాగితం ఉల్లిపొరలా ఉంది, కిటికీ అవతల గడియార స్తంభం కూడా కనిపిస్తోంది దాంట్లోంచి, ఇంకోసారి పెన్ను తగిలితే ఇంకు పాకుతుంది, పాకనీ అనుకుని ఆ మూడు మీదే అయిదు రాశాను, నొక్కి రాశాను, పాకింది, పక్క గీతల మీదికీ పాకింది, మూడేళ్ళలో ఇంత వికారమైన అంకె నేనెన్నడూ రాయలేదు, గుడ్డివాడికైనా అయిదని తెలుస్తుంది, ఇక్కడ ఎన్నిసార్లు చెయ్యి పడిందో కూడా తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, అమలాపురంలో ఇంకెవరూ ఇవ్వరు, అయినా ఇదొక్కటీ రాసినంత మాత్రాన నేను మంచిదాన్నైపోను, ఎందుకంటే స్లాబు వేసే ముందు ఒక రోజు సైటులో మేస్త్రి గారు ఇసక మీద గొంతుక్కూర్చుని, కాపీ మోకాళ్ళమీద పరుచుకుని, మూడడుగులకి కట్టిన ఊచలే అయిదుకీ అంటన్నారు, ఆగుద్దంటారాండీ అని అడిగారు, నేను, సార్ చెప్పేరు కదండీ అన్నాను, ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఆయ్, సార్ చెప్పేరంటే సరేనండీ అని కాపీ చుట్టేశారు, మెట్లమీద బూట్ల చప్పుడు వినిపిస్తోంది, సార్ గొంతు కూడా, రండి రండి కాగితం సిద్ధంగా ఉందండీ అంటున్నారు, రెండో గడిలో పేరు పడితే డిజైనర్నవుతానని మూడేళ్ళు కాచుకున్నాను, అక్కడ ఆ ఇసక మీద, ఆగుద్దా అని ఆయన అడిగింది సార్‌ని కాదు, నన్ను, ఆగదండీ అన్న ఒక్క మాట నాకు తెలుసు, పోలమ్మ అప్పుడు నా వెనకే ఇటుకలు దించుతోంది.