కొసరు గీత

బండికి స్టాండు వెయ్యకుండానే, ఒక కాలు నేలమీద ఆనించి, ఇంజను కొట్టుకుంటూ ఉండగానే వెంకటనారాయణ ఎవరి దారి వాళ్లకు పంచేస్తున్నాడు. తెల్లారీ తెల్లారని వేళ. చీరాల గడియారస్తంభం దగ్గర టీకొట్టు తప్ప ఇంకేదీ తెరవలేదు. షుగరున్న బ్యాంకు మేనేజరును కాలవకట్ట మీదికి పంపాడు. మెత్తటి మట్టి, కట్ట పొడుగునా తుమ్మచెట్లు, పక్కవాడితో కబుర్లు చెబుతూ పరిగెత్తినా ఆయాసం రాని దారి అది. మోకాళ్లు పట్టేసిన టీచరమ్మను వాడరేవు పొమ్మన్నాడు. అదీ అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీదేనట, పైనున్న పొడి ఇసుకలో అడుగు పెడితే రేపట్నుంచి రానక్కర్లేదట. పొడి ఇసుక పిక్కల్లో బలం చాలని కుర్రాళ్లకు. యూనివర్సిటీ పోటీలకు తయారవుతున్న హారికకు రైల్వే బ్రిడ్జి. ఎక్కేటప్పుడు పరుగు, దిగేటప్పుడు నడక, మళ్లీ ఎక్కడం.

అందరూ కదిలారు. ఆయన కదల్లేదు. కదల్లేదంటే నిలకడగా ఉన్నాడని కాదు, బండి మీదే ముందుకీ వెనక్కీ ఊగుతూ వేటపాలెం రోడ్డు వైపు చూస్తున్నాడు. రెబ్కా రాలేదు.

వెంకటనారాయణను చూసినవాళ్లెవరూ పరుగుకు దారులు చెప్పే మనిషనుకోరు. ఊరి చివర ఇంజనీరింగ్ కాలేజీలో గ్రౌండు పని ఆయనది. రోలరు లాగడం, గడ్డి పీకడం, నీళ్లు చల్లడం, ఆటలపోటీలొస్తే పిడుగురాళ్ల సున్నంతో గీతలు గియ్యడం. పొడుగాటి బక్కమనిషి. లోపలికి పోయిన బుగ్గలు, కనుబొమల్లో ఎప్పుడూ రవ్వంత సున్నం. ఖాకీ ప్యాంటు అంచులకు పట్టిన తెలుపు ఏ సబ్బుకీ లొంగదు. అరవైకి దగ్గరపడినా ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. అన్నం నిలబడి తింటాడు, పేపరు నడుస్తూ చదువుతాడు. ఆ మనిషి పెళ్లిపీటల మీద కూర్చోవడమే ఆఖరని, అప్పుడు కూడా తాళి కట్టీ కట్టగానే లేవబోతే మేనమామ భుజం నొక్కి కూర్చోబెట్టాడని భార్య సుబ్బరావమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. ఈమధ్య ఎడమ భుజం లాగుతోందంటే రోలరు మానెయ్యమందామె. మానేస్తే ఆ పొద్దంతా ఏం చెయ్యాలో ఆయనకు తెలియదు. అసలు జబ్బు అదీ!

తానెప్పుడూ పోటీల్లో పరిగెత్తినవాడు కాదు. కాలు నిలవక ఊరంతా తిరగడంలో దారులు తెలిశాయి, అంతే. నడవడానికి మంచి చోటెక్కడని మేనేజరు ఒకరోజు అడిగితే చెప్పాడు. ఆ నోటా ఈ నోటా పాకి ఇంతయింది. తప్పులూ చేశాడు, చెయ్యలేదని కాదు. నిరుడు మాఘంలో నున్నటి కొత్త రోడ్డు పడిందని కుర్రాళ్లను పర్చూరు వైపు తోలాడు. ఆ రోడ్డు పక్కనంతా మిరపకాయలు ఎండబోసిన కల్లాలు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే దగ్గుతూ, తుమ్ముతూ, ముక్కులు చీదుకుంటూ తిరిగొచ్చారు. ఇంకోసారి పరుగు దూరాలకని ఆయన బజార్లో గీసిన సున్నం గీతలు చూసి, రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కొట్లు పడగొడతారని బజారు బజారంతా మున్సిపాలిటీ ఆఫీసు మీద పడింది. ఆ వారమంతా వెంకటనారాయణ ఆ బజారు ఛాయలకు పోలేదు.

రెబ్కా సంగతి వేరు. ఆ పిల్లకు పరుగు సరదా కాదు, ఒంటికోసమూ కాదు. తల్లి మార్తమ్మ వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొడుతుంది. రెబ్కా కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్షలో గట్టెక్కి పదహారు వందల మీటర్ల పరుగులో పోయింది. కిందటిసారి గుంటూరులో గీత కళ్లెదుట కనిపిస్తుండగానే కాళ్లు చచ్చుబడ్డాయి. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఎల్లుండే పరుగు. రేపు తెల్లవారుజామున తల్లితో రైలెక్కి గుంటూరులో పిన్ని ఇంట్లో దిగాలి. ఇవాళ ఆమెకోసం ఆయన అనుకున్నది పరుగు కూడా కాదు, తడి ఇసుక మీద నాలుగడుగులు నడిచి కాళ్లు సముద్రంలో పెట్టుకోవడం.

ఆమెకు గడియారం పట్టి పరిగెత్తించే దారి వేటపాలెం రైలుగేటు నుంచి పట్టాల పక్కనే చీరాల వైపు పోతుంది. ఎగుడుదిగుడు లేదు, మలుపు లేదు. జీడి బట్టీల పొగ అటు మళ్లదు. గేటు దగ్గర మొదటి గీత, పంపుషెడ్డు దగ్గర ఆఖరి గీత. ఆ ఆఖరి గీతలో ఒక రహస్యం ఉంది. వెంకటనారాయణ తండ్రి సంతలో పచ్చిమిరపకాయలు అమ్మేవాడు. తక్కెడ సరిగ్గా తూగాక, కొనేవాళ్లు నోరు తెరవకముందే ఇంకో గుప్పెడు తీసి సంచిలో పడేసేవాడు. కొసరు వెయ్యకుండా పంపితే ఆయనకు ఆ రాత్రి ముద్ద దిగేది కాదు. కొడుకూ అంతే. కాలేజీ టేపుతో కొలిస్తే పదహారు వందల మీటర్లు పంపుషెడ్డుకు ముందున్న తూము దగ్గరే అయిపోయాయి. ఈ పిల్ల చివర్లోనే కదా చతికిలబడుతోంది, అసలు దూరమే చిన్నదనిపిస్తే పోలేదా అనుకున్నాడు. తూము దాటి పంపుషెడ్డు దాకా పోయి అక్కడ సున్నం పోశాడు. కొసరు వేశాడన్నమాట!

ఎవరికీ చెప్పలేదు. రెబ్కా ఇంట్లో ఉన్నది బటన్ ఫోనొకటే. దూరం చూపించే గడియారం హారిక చేతికుంటుంది కాబట్టి హారికను ఆ రోడ్డు మీదికే పంపేవాడు కాదు. రోజూ రెబ్కా రొప్పుతూ వచ్చి పంపుషెడ్డు దగ్గర పడేది. ఆయన గడియారం చూపించి, ఇంకా చాలదమ్మా అనేవాడు. లోపల మాత్రం, గుంటూరులో చూద్దువుగాని నీ సంగతి అని మురిసిపోయేవాడు.

బ్రిడ్జి దిగొచ్చిన హారిక చెప్పింది. రెబ్కా ఇప్పుడే ఫోను చేసిందట, ఇక రాదట. గుంటూరూ పోదట. రోజూ ఆ గీత దగ్గర చస్తున్నది చాలు, అంతదూరం పోయి నలుగురిలో చావడం ఎందుకందట. ఇవాళ్టి నుంచి అమ్మతో కార్ఖానాకే.

ఆ మాట విన్న దగ్గర్నుంచి వెంకటనారాయణ మనసు మనసులో లేదు. కాలేజీకి పోయి సున్నం గీస్తే గీత పాములా పోయింది. మర్నాడు ఆటలపోటీలు పెట్టుకుని ఈ వంకర గీతలేంటి నారాయణా అని ఆటలు చూసే పీడీ సారు విసుక్కున్నాడు. చెరిపి మళ్లీ గీశాడు, అదీ వంకరే. అన్నం గంట కొట్టగానే క్యారేజీ విప్పకుండా బండి తీశాడు. దారంతా కొసరే మెదిలింది. మేలు చేశాననుకున్నాడు. పిల్ల నెత్తిన బరువు పెట్టి, ఎందుకు వంగుతున్నావని రోజూ తనే అడిగాడు. సిగ్గేసింది.

కార్ఖానాలో ఆడవాళ్లు బారులుగా కూర్చుని చెక్కసుత్తులతో జీడిగింజలు కొడుతున్నారు. జీడి అంటి చర్మం పొక్కకుండా చేతులకు బూడిద రాసుకున్నారు. తల్లి పక్కన రెబ్కా. కొత్త చెయ్యి, అప్పుడే రెండు వేళ్ల మీద నల్లగా కాలింది.

"చెప్పి చూశా అన్నయ్యగారూ. ఇనట్లేదు," అంది మార్తమ్మ.

రెబ్కా తల ఎత్తలేదు. ఆయన అటొక అడుగు, ఇటొక అడుగు వేసి ఆగాడు.

"గీత తప్పమ్మా. నేనే దూరం గీశా. నువ్వు పరిగెత్తాల్సింది తూము దాకానే. అక్కణ్ణుంచి పంపుషెడ్డు దాకా నేనేసిన కొసరు."

సుత్తి ఆగింది.

"ఎప్పట్నించి బాబాయ్?"

"మొదట్నుంచీ."

"రోజూ గడియారం చూపించి చాలదు చాలదన్నావే. ఇంటికెళ్లి దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని. సంతలో కొసరేస్తే కొనేవాళ్ల కళ్లెదురుగా వేస్తారు బాబాయ్. నువ్వు నాకు తెలీకుండా మోయించావు."

చుట్టుపక్కల సుత్తులు కూడా నెమ్మదించాయి. రెబ్కా చేతుల బూడిద దులుపుకుంది. ఇప్పుడు ఆయన చెబుతున్నది మాత్రం నిజమని నమ్మకమేంటని అడిగింది. తనను రైలెక్కించడానికి ఆడుతున్న అబద్ధమేమో! సాయంత్రం టేపు తెమ్మంది, తనే కొలుస్తానంది, తనే పరిగెత్తి చూసుకుంటానంది. ఎల్లుండి పరుగు పెట్టుకుని ఇవాళ కాళ్లు అలవగొట్టుకోవద్దని ఆయన బతిమాలాడు. పరిగెత్తందే రైలెక్కనంది. మొండిఘటం. ఆయన ఒప్పుకున్నాడు, ఒప్పుకోక ఏం చేస్తాడు?

పొద్దు వాలే వేళకు సముద్రం గాలి పక్కనుంచి కొడుతోంది. టేపు ఒక కొస మార్తమ్మ పట్టుకుంది, రెండో కొస రెబ్కా. ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. గేటు దగ్గర్నుంచి లాగుతూ, గుర్తు పెడుతూ, మళ్లీ లాగుతూ తూము దాకా వచ్చారు. అక్కడ సరిగ్గా లెక్క తేలింది. రెబ్కా ఆయన చేతిలోంచి సున్నం డబ్బా లాక్కుని తనే గీత పోసింది. తర్వాత గేటు దాకా నడిచిపోయింది.

వెంకటనారాయణ తూము దగ్గర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నిలబడలేక తిరిగాడు. భుజం సలుపుతోంది, చొక్కా తడిసిపోయింది. ఇంత గాలిలో ఈ చెమటేంటని విసుక్కున్నాడు. పిల్ల ఒకవేళ అందుకోలేకపోతే? గేటు వైపు ఎర్ర చున్నీ కదిలింది. మొదట నెమ్మదిగా, మోచేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ఆయన చెప్పినట్టే. సగం దాటాక అడుగు సాగింది. ఎప్పుడూ కుంగిపోయే చోట కుంగలేదు. పళ్లు బిగించి, కళ్లు తూము మీదే పెట్టి వచ్చింది. గీత దాటగానే గడియారం నొక్కాడు.

చూసుకుని మళ్లీ చూసుకున్నాడు. రెబ్కా మాత్రం ఆగలేదు, అలవాటు కొద్దీ పంపుషెడ్డు దాకా పోయి, అక్కడ ఎందుకొచ్చానన్నట్టు నిలబడి, తిరిగి నడుచుకుంటూ వచ్చింది. ఆయన గడియారం ఆమె ముందు పెట్టాడు. ఇచ్చే టైములో ఇంకా మిగిలే ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసి, రోడ్డు పక్కన కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మార్తమ్మ కొంగుతో కూతురి మొహం తుడుస్తూ తనూ ఏడ్చింది.

వెళ్లే ముందు రెబ్కా అడిగింది.

"రేపు ఇంకో పిల్లొస్తే దానికీ ఇట్టాగే గీస్తావా?"

"గియ్యను."

"అయితే ఆ పంపుషెడ్డు గీత తుడిచెయ్ బాబాయ్. ఇంక దాన్ని నేను చూళ్లేను." ఆయన మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "కాసేపు కూర్చో. పాలిపోయావు."

"నువ్వు యూనిఫాం వేసుకుని రా. అప్పుడు కూర్చుంటా."

ఆమె నవ్వింది. పొద్దున్నుంచీ ఆయన ఎదురుచూసింది ఆ నవ్వుకోసమే.

ఆ పూట ఆయన రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశాడు. డాక్టరు దగ్గరికి పోదామని సుబ్బరావమ్మ గట్టిగానే అంది. ఆటలపోటీలు కానివ్వమన్నాడు. తెల్లవారుజామున ఆమె లేచేసరికి బండి లేదు, వాకిలి ఊడ్చే కొబ్బరిచీపురు, బకెట్టు లేవు.

తూము దగ్గర రెబ్కా పోసిన గీత మీద ఇంకాస్త సున్నం పోసి దిట్టంగా చేశాడు. తర్వాత పంపుషెడ్డు దగ్గరికి వచ్చి, బకెట్టుతో నీళ్లు తెచ్చి రోడ్డు మీద పోసి, వంగి చీపురుతో రుద్దడం మొదలుపెట్టాడు. రోజూ పోసిన సున్నం, ఒక పట్టాన వదలదు. సగం పోయింది. భుజంలో నొప్పి మోచేతిలోకి, అక్కణ్ణుంచి దవడలోకి పాకింది. చీపురు జారింది. జీవితంలో మొదటిసారి ఆయనకు కూర్చోవాలనిపించింది. షెడ్డు అరుగు మీద కూర్చుని గోడకు వీపు ఆనించాడు. ఒక్క నిమిషమే అనుకున్నాడు. దూరంగా వేటపాలెం స్టేషన్లో రైలు కూత వేసింది.

కిటికీ పక్కన రెబ్కా మొహం బయటికి పెట్టి కూర్చుంది. ముందు తూము గీత కనిపించింది, తెల్లగా, లావుగా. ఆ వెంటనే పంపుషెడ్డు.

"అమ్మా, బాబాయి కూర్చున్నాడే," అంది ఆశ్చర్యంగా. చెయ్యి ఊపింది. ఆయన తల ఎత్తలేదు. కునుకు పట్టినట్టుంది, పాపం ఎప్పుడు లేచాడో ఏమో అంది మార్తమ్మ. రైలు చీరాల వైపు సాగిపోయింది.

గడియారస్తంభం దగ్గర దారులు చెప్పే మనిషి కోసం అందరూ చాలాసేపు చూశారు. ఎవరికీ ఎటు పోవాలో తోచలేదు. చివరికి హారిక పరిగెత్తుకుంటూ వేటపాలెం రోడ్డు పట్టింది. పంపుషెడ్డు అరుగు మీద ఆయన భుజం పట్టుకుని పిలిచింది. ఒళ్లు చల్లగా ఉంది. సుబ్బరావమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుని, కనుబొమల్లో సున్నం కొంగుతో తుడిచింది. రెబ్కాకు ఫోను చెయ్యాలా అని ఎవరో అడిగితే, రేపు పిల్ల పరిగెత్తేదాకా ఎవరూ నోరు విప్పొద్దని చెప్పింది.

రోడ్డు మీద కొసరు గీత సగమే చెరిగింది. మిగిలిన సగం మీద తడి ఆరని కొబ్బరిచీపురు అడ్డంగా పడి ఉంది.