వలముడి

"ఇక్కడ పసుపు పూస పడాలి కదా, ఎర్రది ఎలా పడింది?" అని మా ఆయన అడిగేసరికి నేను వంకాయలు తరుగుతున్నాను. ఆయన హారం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కోపంగా లేరు. కోపంగా ఉంటే నాకు బాగుండేది. కత్తిపీట పక్కకి జరిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని చూశాను. మూడో వరసలో రెండు పసుపు పూసల మధ్య ఒక ఎర్రపూస. ఆ హారం ముందురోజే పూర్తిచేసి, కిటికీ వెలుతురులో రెండుసార్లు తిప్పి చూసి డబ్బాలో పెట్టాను.

"నేను పెట్టలేదండి," అన్నాను.

"మరెవరు పెడతారు? పర్లేదులే తులసీ. ఈమధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది," అంటూ జేబులోంచి చిన్న డైరీ తీసి ఏదో రాసుకున్నారు.

"ఏం రాస్తున్నారు?"

"డాక్టరుగారు అడిగితే చెప్పాలి కదా."

ఏ డాక్టరో చెప్పకుండానే డైరీ జేబులో పెట్టేసుకున్నారు.

మా ఆయన సూర్యప్రకాష్ ఎనిమిదేళ్ళు కువైట్‌లో డ్రైవరుగా చేసి, కిందటి వేసవిలో వచ్చేశారు. మా ఇల్లు రాజోలు దగ్గర. ఆయన లేని ఆ ఎనిమిదేళ్ళలోనే నేను పూసల పని నేర్చుకున్నాను. నేర్పినవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుతున్న మా అమ్మాయి సుస్మిత స్కూల్లో డాన్సు చేసిన రోజు దాని మెడలో హారం తెగిపోతే, నేలమీద పూసలు ఏరుకుని కూర్చుని, అదే హారాన్ని నాకు నచ్చినట్టు మళ్ళీ కుట్టాను. అది మొదలు. గళ్ళ నోటుబుక్కులో ఒక్కో గడికి ఒక్కో పూస చొప్పున ముందు బొమ్మ వేసుకుంటాను. విచ్చుకుంటున్న కొబ్బరిపూత బొమ్మతో నేను వేసిన హారం దిండి రిసార్టు కొట్లో పెట్టాక ఆర్డర్లు ఆగలేదు. అయినా ఇంట్లో దానికి పని అని పేరు రాలేదు. వంట, బట్టలు, అత్తయ్యగారి కాళ్ళకి నూనె, మందులు, ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో కూర్చునేదాన్ని. "పూసలాట అయిందా? అమ్మకి మందులేశావా?" అని ఆయన కువైట్ నుంచి వీడియోకాల్‌లో అడిగేవారు. అప్పుడు నవ్వుకునేదాన్ని కూడా.

విశాఖపట్నంలో మూడు నెలలపాటు ఆడవాళ్ళకి ఈ పని నేర్పమని ఒక సంస్థ నుంచి నాకు పిలుపు వచ్చింది. అన్నం వడ్డిస్తూ ఆయనకి ఆ మాట చెప్పాను. "ఆలోచిద్దాం," అన్నారు. మర్నాటి నుంచే నా చేతిలోంచి వస్తువులు జారిపోవడం మొదలైంది. గుచ్చిపెట్టిన చోట సూదులు ఉండేవి కావు. పప్పులో ఉప్పు రెండింతలు పడేది. ఒకరోజు మధ్యాహ్నం నడుం వాల్చి కళ్ళు మూసుకున్నానో లేదో, ముక్కులు అదిరిపోయే వాసనకి లేచాను. గ్యాసు తిప్పి ఉంది. తలుపు వేసి ఉంది. ఆయన వీధి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. లోపలికి వచ్చి కిటికీలు తీసి, "నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది," అన్నారు. నీళ్ళు కూడా ఆయనే తాగించారు. ఆ తర్వాత, కస్టమర్లతో మాటలు నీకెందుకు, నీ ఆరోగ్యం చూసుకో అని నా ఫోను ఆయన దగ్గరే పెట్టుకున్నారు. ఇచ్చేశాను. నన్ను నేనే నమ్మని రోజులవి. కుట్టిన వరసని పది మార్లు లెక్కపెట్టుకుని, పదకొండోసారి మళ్ళీ మొదటికి వచ్చేదాన్ని.

మంగళవారం పొద్దున్న అమలాపురం నుంచి విజయదుర్గ టీచరుగారు వచ్చారు. మా ఆయన బజారుకి వెళ్ళారు. ఆవిడ ఈమధ్య నా దగ్గర కొన్న హారాన్ని సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టి, "ఓ వరస ఊడిపోయిందండి. ఒంట్లో బాగోలేదన్నారు కదా, అడగాలా వద్దా అనుకుంటూనే వచ్చేను," అన్నారు.

"నేనన్నానా?"

"ఆయ్, మీరే మెసేజ్ పెట్టేరు కదండీ. చేతులు వణుకుతున్నాయి, మతి నిలవట్లేదు, ఇంక కుట్టలేనని. విశాఖపట్నంవాళ్ళకి కూడా రాలేనని చెప్పేసేనన్నారు. చదివి చాలా బాధపడ్డానండి."

కాఫీ ఇచ్చి, రెండు రోజుల్లో బాగుచేసి పంపుతానని ఆవిణ్ణి సాగనంపాను. అప్పుడు చాపమీద కూర్చుని ఊడిన వరస విప్పాను. నేను ముడి వేస్తే రెండు చుట్లు తిప్పి, కొసని పూసలోకి దూర్చి, పైన బొట్టు జిగురు పెడతాను. ఎవరు వెతికినా ముడి కనబడదు. ఇక్కడ ముడి పక్కన దారం తెగింది, ముడి బయటికే ఉంది. చిన్నది, బిగువైనది, లాగిన కొద్దీ బిగుసుకునేది. చేపల వలకి వేసే ముడి.

మా ఇంట్లో వల అల్లడం తెలిసిన మనిషి ఒక్కరే. అత్తయ్యగారు అప్పాయమ్మ పెళ్ళికి ముందు అంతర్వేది దగ్గర సముద్రపొడ్డున పుట్టింట్లో రోజంతా వలలు అల్లేవారు. కళ్ళజోడు పెట్టుకుని నాకు పూసలు రంగుల వారీగా ఏరిపెట్టేది కూడా ఆవిడే.

పెరట్లో కొబ్బరికాయ వొలుస్తున్న ఆవిడ ముందు ఆ హారం పెట్టాను. చూసి తల ఎత్తలేదు.

"వరసలు విప్పి పూసలు మార్చి కట్టమని ఆడే చెప్పేడమ్మా," అన్నారు పీచు లాగుతూ. "నువ్వు విశాఖపట్నం వెళితే ఇంక తిరిగి రావన్నాడు. ముసిల్దానివి, నీకెవరు ముద్ద పెడతారన్నాడు. భయపడ్డాను."

"సూదులు?"

"నేనే దాచేను."

"ఉప్పు?"

"నేనే."

"గ్యాసు కూడా మీరేనా అత్తయ్యగారూ?"

ఆవిడ చేతిలో కాయ కింద పెట్టేశారు. నన్ను సూటిగా చూశారు. "గ్యాసు నేను కాదమ్మా. మాయమ్మ మీద ఒట్టు. ఆ రోజు నన్ను ఆడే గుడికి పంపించేడు."

పెరట్లో ఎండ చుర్రుమంటోంది. "మీ మావయ్యగారూ అంతే," అన్నారావిడ గొంతు తగ్గించి. "నాకు మతి లేదని ఊరందరికీ చెప్పేవోరు. నేనూ నిజమే అనుకున్నాను. ఆయన పోయేక గానీ తెలవలేదు, నాకే రోగమూ లేదని."

మా ఆయన బజారు నుంచి వచ్చి స్నానానికి వెళ్ళారు. చొక్కా కొక్కేనికి తగిలించి ఉంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది, ఆయన జేబులో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి. డైరీలో అక్షరాలు గుండ్రంగా, ఓపిగ్గా ఉన్నాయి. తేదీ, టైము, నా తప్పు. సూదులు పారేసుకుంది. పప్పులో ఉప్పు. గ్యాసు వదిలేసింది. గురువారం కాకినాడలో డాక్టరుగారి అపాయింట్‌మెంటు అని చివరి పేజీలో రాసి ఉంది. దానికి ముందు, బుధవారం కింద ఒక్క వాక్యం ఉంది. "మధ్యాహ్నం రెండు గంటలకి మళ్ళీ గ్యాసు వదిలేసి పడుకుంది."

గోడమీద క్యాలెండరు చూశాను. ఇవాళ ఇంకా మంగళవారమే. మళ్ళీ చూశాను. స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగేలోపల నా దగ్గర ఎంత టైముందో నాకు తెలుసు. డైరీ జాకెట్లో దోపుకున్నాను. పెరట్లోకి వెళ్ళి, "నేను పోలీసుల దగ్గరికి వెళుతున్నాను అత్తయ్యగారూ," అన్నాను.

ఆవిడ లేచి నిలబడ్డారు. "నేనొస్తే ఏం చెప్పాలమ్మా అక్కడ?"

"ఏం చేశారో అదే."

ఆవిడ వాకిట్లోకి వెళ్ళి చెప్పులు వేసుకున్నారు.

రాజోల్లో పోలీస్ స్టేషన్‌కి వెళ్ళలేదు. అక్కడ ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. అమలాపురం బస్సెక్కాం. వంతెన దాటుతుండగా అత్తయ్యగారి ఫోను మోగింది. ఆవిడ దాన్ని నిప్పులా పట్టుకుని నాకిచ్చేశారు.

"తులసీ, ఎక్కడికెళ్ళావమ్మా?" ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఇంటికి దారి గుర్తుందా?"

"గుర్తుందండి," అన్నాను.

అవతల చొక్కా దులుపుతున్న చప్పుడు వినబడింది. "డైరీ తీశావా?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

జవాబు చెప్పకుండా ఫోను ఆపేశాను. అమలాపురంలో దిగి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని, ఎదురొచ్చిన మొదటి మనిషిని పోలీస్ స్టేషన్ ఎటని అడిగాను.