రొట్టె మీద పంటి గాటు

మా అబ్బాయి ఎల్యోర్ సైన్యానికి బయలుదేరిన పొద్దున నేను కాల్చిన రొట్టె కొరికాడు. కొరికిన చోట ఎర్రగా ఉంది.

మా కోకంద్ ఊళ్ళో ఇంట్లోంచి మగపిల్లవాడు దూరం వెళ్తున్నాడంటే రొట్టె కొరికించకుండా గడప దాటనివ్వం. కొరికిన రొట్టెను గుడ్డలో చుట్టి గోడకు వేలాడదీస్తాం. మిగిలింది వాడు తిరిగొచ్చి తినాలి. రొట్టె ఎదురుచూస్తుంటే మనిషి రాక తప్పదని మా నమ్మకం. అందుకే ఆ రొట్టె కోసం తెల్లవారకముందే లేచాను. పిండి పులిసిందో లేదోనని ఒక భయం, రొట్టె తందూరు పొయ్యి లోపలి గోడకు అంటుకోకుండా జారి నిప్పుల్లో పడుతుందేమోనని ఇంకో భయం. రెండూ జరగలేదు. రక్తం గురించి మాత్రం నేను భయపడలేదు. నేను భయపడని విషయమే జరుగుతుందని నాకు ముందే తెలిసుండాలి.

"నాలుక కరుచుకున్నాడేమోలే," అన్నాడు మా ఆయన తుర్గున్, టీ గిన్నె దించకుండానే.

"నాలుక కాదు నాన్నా, చిగుళ్ళు. నాకు రోజూ వస్తుంది," అన్నాడు వాడు.

"రోజూనా?" అన్నాను.

"ఏదైనా కొరికితే వస్తుందమ్మా. ఆపిల్ తిన్నా వస్తుంది."

మా వెనక వీధిలో ఒకావిడ తమ్ముడికి ఇలాగే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. తర్వాత రక్తంలోనే జబ్బుందన్నారు. ఆ తర్వాత సంగతి నేను ఇక్కడ రాయను.

మా ఆయన అక్క రోబియా వదిన రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిడ నోట్లో పై వరసంతా బంగారమే. ఆవిడ మాట్లాడితే ఎండలో కళ్ళు చిట్లించుకోవాలి.

"నెత్తురంటిన రొట్టె గోడకు కట్టకూడదు. వీణ్ణి పంపకూడదు," అని తేల్చేసింది.

"అత్తా, మధ్యాహ్నం బస్సు! నాలుగు నెలలు పరుగెత్తి, పరీక్షలు రాసి ఎంపికయ్యాను. ఇవాళ ఎక్కకపోతే నా చోట్లో ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. చిగుళ్ళు బాలేవని చెప్పమంటావా వాళ్ళకి?"

నేను వెళ్ళి వీధి గుమ్మంలో కూర్చున్నాను. నేను సన్నని మనిషిని కాను. ఆ గుమ్మం మరీ వెడల్పుది కాదు. నన్ను దాటి ఎవరూ సైన్యానికి వెళ్ళలేరు.

"ఎల్యోర్ నాన్నా, వీడికి రక్తంలో ఏముందో తెలిసేదాకా నేను లేవను," అన్నాను మా ఆయనతో.

మా ఆయన టీ పూర్తి చేసి, గిన్నె బోర్లించి, "ఎదురింట్లో పళ్ళ డాక్టరుంది కదా. అక్కడిదాకా అయినా లేస్తావా?" అన్నాడు.

లేచాను.

ఎదురింటి గుల్చెహ్రాను నేను రెండు జడలేసుకునే వయసు నుంచీ ఎరుగుదును. ఇప్పుడు వాళ్ళింటి ముందు గదిలోనే దవాఖానా పెట్టుకుంది. ఎల్యోర్‌ను కుర్చీలో వెనక్కి వాల్చి, దీపం దించి, చిన్న అద్దం నోట్లో పెట్టింది. ఒక్కో పన్నూ తట్టి చూసింది.

"బ్రష్ చేసి ఎన్నాళ్ళయింది?" అంది చివరికి.

వాడు మా వెంట వచ్చిన అత్త వైపు చూశాడు.

"చలికాలం నుంచి మానేశాడు. నేనే మానమన్నాను. బ్రష్ పెడితే రక్తం వస్తోంది, పుండు మీద ఎవరైనా చీపురు పెట్టి రుద్దుతారా?" అంది వదిన.

"పెద్దమ్మా, మీ వాకిట్లో ఊడిస్తే దుమ్ము లేస్తుందా?"

"లేస్తుంది. నీళ్ళు చల్లి ఊడుస్తాం."

"దుమ్ము లేస్తోందని చలికాలం నుంచీ ఊడవకుండా వదిలేస్తే?"

"మా వాకిలి గురించి నీకెందుకే?" అంది వదిన.

గుల్చెహ్రా నా వైపు తిరిగింది. "పిన్నీ, తిన్నదంతా పంటి మొదట్లో పాచిలా పేరుకుంటుంది. రోజూ తోమితే పోతుంది. తోమకపోతే రాయిలా గట్టిపడుతుంది, అదే గార. అది గుచ్చుకుని, దానిలో పురుగులు చేరి చిగురు వాస్తుంది. వాచిన చిగురు ముట్టుకుంటే రక్తం వస్తుంది. రక్తం వస్తోందని తోమడం మానేస్తే ఇంకా పేరుకుంటుంది, ఇంకా వస్తుంది. అలా వదిలేస్తే లోపలి ఎముక తరిగి, పురుగు పట్టని పన్ను కూడా కదిలి ఊడిపోతుంది."

"పురుగులంటే, కనిపిస్తాయా?"

"కనిపించవు పిన్నీ."

కనిపించేవైతే బాగుండేది.

"రక్తంలో జబ్బు కాదు కదా?" అని అడిగాను.

ఆ పిల్ల నవ్వలేదు. అందుకు నేను ఆమెను ఎప్పటికీ మెచ్చుకుంటాను. జ్వరం వస్తోందా, చిక్కిపోయాడా, తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలున్నాయా అని వాణ్ణి అడిగింది. చొక్కా ఎత్తి చూసింది. "ఏమీ లేవు. నోటి నిండా గార ఉంది, అంతే. ఇవాళ తీసేస్తాను. పొద్దున, పడుకునే ముందు మెత్తటి బ్రష్‌తో చిగురూ పన్నూ కలిసే చోట నెమ్మదిగా తోమాలి. రెండు వారాల్లో ఆగుతుంది. ఒకవేళ ఆగకపోతే రక్తపరీక్ష చేయిద్దాం."

నేను ఆ 'ఒకవేళ'ను పట్టుకుని కూర్చున్నాను.

ఆమె సన్నని పరికరం పెట్టగానే గీరుతున్న చప్పుడు. పసుపుపచ్చని పెంకులు పళ్ళెంలో టకటకా పడ్డాయి.

"అయ్యో, పళ్ళు పగలగొట్టేస్తోంది!" అని వదిన లేచింది.

"పళ్ళు కాదు పెద్దమ్మా, గార. మీది కూడా చూడనా? బంగారు తొడుగు కింద పన్నుకీ చిగురు ఉంటుంది కదా. చిన్నప్పుడు అందం కోసం మంచి పళ్ళకే తొడిగించారా, పుచ్చినవాటికా?"

వదిన నోరు మూసుకుంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక అది మొదటిసారి.

"ఇంకొకటి, పిన్నీ," అంది గుల్చెహ్రా చేతులు కడుక్కుంటూ. "టీ తాగుతూ బుగ్గలో కలకండ పెట్టుకుని చప్పరించడం తగ్గించమనండి."

"సైన్యంలో కలకండ ఎవరిస్తారు?" అన్నాడు ఎల్యోర్, దూది నోట్లో ఉండగానే.

బస్సు దగ్గరికి చేరేసరికి పేర్లు పిలుస్తున్నారు. వదిన అప్పటికే ఇంటికి పరుగెత్తి ఇంకో రొట్టె తెచ్చింది. "ఇదిగో, పళ్ళు బాగుచేయించుకున్నావుగా. శుభ్రంగా ఒక గాటు పెట్టు. ఆ పాతది ఆవుకి వేసేద్దాం."

వాడు కొరికాడు.

గార గీకి గంట కాలేదు. చిగుళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మొదటి రొట్టె మీద చుక్కలుండేవి, దీని మీద వరసగా పళ్ళన్నీ అచ్చు వేసినట్టు ఎర్రగా తేలాయి. ఇప్పుడు మా దగ్గర నెత్తుటి రొట్టెలు రెండున్నాయి.

"ఎక్కవద్దను! ఇది రెండోసారి!" అంది వదిన. పక్కనున్న తల్లులందరూ మా రొట్టె వైపు చూశారు. ఒకావిడ తన కొడుకును అవతలికి లాక్కుంది.

ఎల్యోర్ బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నా వైపు చూశాడు. నేను వద్దంటే ఎక్కడు. అది వాడి మంచితనం.

నేను ఆలోచించాను. ఎక్కితే వాడు దూరంగా ఉంటాడు, చలి ఉంటుంది, తుపాకులుంటాయి, ఏదైనా కావచ్చు. ఎక్కకపోతే ఇంట్లో ఉంటాడు, వదిన సలహాలుంటాయి, ముప్పై ఏళ్ళకే పై వరసంతా బంగారమవుతుంది. సైన్యంలో అయితే పొద్దున్నే వరసలో నిలబెట్టి తోమిస్తారని మా ఆయన చెప్పాడు.

"ఎక్కరా," అన్నాను.

"అమ్మా?"

"ఎక్కు. రక్తం వచ్చినా తోమడం ఆపకు. మెత్తగా తోము. చిగురూ పన్నూ కలిసే చోట!"

ఆ చివరి మాట బస్సు కదిలాక అరిచాను. కిటికీలన్నిట్లోంచీ కుర్రాళ్ళు నవ్వారు. జాబితా పట్టుకున్న అధికారి మాత్రం నవ్వలేదు, నోరు మూసుకుని నాలుకతో తన పళ్ళు తడుముకున్నాడు.

రెండు రొట్టెలూ గోడకు కట్టాను. వదిన ఆ గదిలోకి రావడం మానేసింది.

ఫోను చేసుకోనిచ్చిన మొదటి రోజున వాడు చేశాడు. తిండి బాగుందన్నాడు. పరుగులు ఎక్కువన్నాడు.

"రక్తం?" అన్నాను.

"ఆగిపోయిందమ్మా. అస్సలు రావట్లేదు."

మా ఆయన హమ్మయ్య అన్నాడు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఒక్కసారిగా ఎలా ఆగింది? తోమడం మానేశాడేమో.

"మీ సార్జెంటుకి ఫోను ఇవ్వు," అన్నాను.