చెంబు చేతిలో ఉండగా

గోదారి మా లంకలో రెండోసారి గడపలు దాటిన ఏడు అది. వరదకి పెరటి మరుగుదొడ్లు కూలిపోయి, జనం మళ్ళీ చెంబులు పట్టుకుని ఏటి ఒడ్డుకి బయల్దేరారు.

నేను ఒక ఇత్తడి చెంబుని. నన్ను చేసిన కంచరి పేరు మరిచాను, అతని సుత్తి దెబ్బలు మాత్రం ఒళ్ళంతా గుర్తే. పడవ నడిపే నరసయ్య నన్ను కొన్నాడు. ఆయన పోయాక పెద్దకొడుకు వీర్రాజు, అతనూ పోయాక తమ్ముడు గంగులు. ముగ్గురివీ తెడ్డు పట్టి కాయలు కాసిన చేతులే. మంచులో, తుమ్మ పొదల చాటున, ముగ్గురి వెనకా నేలమీద అదే ఎరుపు చూశాను.

వాళ్ళూ చూశారు, ఒకరిది ఒకరు కూడా. నా నీళ్ళు పోసి కడిగేశారు. చెంబు చేతిలో ఉన్న మనిషిని మా లంకలో ఎవరూ పలకరించరు, అతనూ నోరు విప్పడు. పడవలో ఊరందరి గుట్టూ చెప్పుకునే మనుషులు, ఈ దారిలో మాత్రం ఒక్క ముక్క మాట్లాడరు. మర్యాదట. తండ్రీ కొడుకూ మూలశంకతో పోయారని ఊరు అనుకుంది.

ఆ ఏడే వీర్రాజు కొడుకు సూరన్నకి కాకినాడలో పేగు కోసి కేన్సరు గడ్డ తీశారు. వంశంలో ఇంకెవరికైనా ఉందేమో కనుక్కు రమ్మంది డాక్టరమ్మ. ఉంటే రక్తసంబంధీకులంతా నెత్తురు పరీక్షా, పేగులోకి గొట్టం వేసి చూసే పరీక్షా ముందే చేయించుకోవాలట. ముదరక ముందు తీసేస్తే మనిషి దక్కుతాడట.

సూరన్న కుట్ల మీద చెయ్యి వేసుకుని గంగులు అరుగు మీద కూర్చున్నాడు.

"బాబాయ్, మా నాన్నకి నెత్తురు పడేదా?"

"మూలశంక," అన్నాడు గంగులు.

"తాతకి?"

"అదే."

"నా కూతురికి పంతొమ్మిది. దానికేం చెప్పమంటావు?"

గంగులు నా వైపు చూశాడు. నాకు నోరు పెద్దదేగాని మాట లేదు.

మర్నాడు వేకువనే నన్ను నింపాడు. ఏరూ ఆకాశమూ మంచులో కలిసిపోయి ఉన్నాయి. వేగుచుక్క నాలో తేలుతూ వచ్చింది. ఏటి దారి పట్టినవాడు ఆగాడు. వెనక్కి తిరిగి, నన్ను చేత్తో పట్టుకునే, సూరన్న వాకిట్లో నిలబడ్డాడు.

"మీ నాన్నకీ పడేది. తాతకీ. నాకు రెండేళ్ళబట్టి పడతంది," అన్నాడు. "అమ్మాయినీ లేపు. పడవ విప్పుతాను."

నన్ను అరుగు మీద పెట్టి రేవుకి నడిచాడు. ఆ పొద్దున నా నీళ్ళు దేన్నీ కడగలేదు.