ఓదెమ్మ గోడకు పలుపులు

పొద్దున ఆవు పాలు పితకడం ముగియగానే ఓదెమ్మ కొట్టంలో తూర్పు గోడ దగ్గరికి వెళ్ళేది. అక్కడ తొమ్మిది మేకులకు తొమ్మిది పలుపులు వేలాడుతుండేవి. ఒక్కొక్కదాన్నీ అరచేతిలోకి తీసుకుని, ఆముదం రాసి, మళ్ళీ తగిలించేది. కోడెను అమ్మితే కోడెనే ఇవ్వాలి గాని మెడకు కట్టిన పలుపును ఇవ్వకూడదన్నది పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ తెలిసిన కట్టడి. పలుపు పోతే కొట్టం దాని వెంటే పోతుందంటారు. అందుకే అంగడిలో కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకుంటాడు. అమ్మినవాళ్ళు ఖాళీ పలుపు భుజాన వేసుకుని ఇల్లు చేరుతారు.

ఓదెమ్మ జనుపనారతో స్వయంగా పేనిన పలుపులు ఇంటికి వచ్చాక ఊరికే ఉండేవి కావు. అమ్మిన కోడె దుక్కిలో ఉన్ననాడు బిగుసుకునేవి. మేత చాలనినాడు పీచు లేచేవి. అది వానలో నిలబడితే ఇవి ఇక్కడ తడిసేవి. విత్తనాల అదును, మిరుగం కార్తె దగ్గరపడిందంటే పక్కింటి ఎల్లేశం పొద్దున్నే వచ్చి గోడ ముందు నిలబడేవాడు.

“గార్ల దిక్కు వాన వడ్డదా, అవ్వా?”

ఓదెమ్మ గార్లకు పోయిన కోడెది, మూడో పలుపును పిండేది. రెండు చుక్కలు నేల మీద రాలేవి.

“వడ్డది. కని దుక్కి తడువలే. ఇత్తనం పెట్టకు.”

“టీవీల పెట్టుమంటున్నరు గదా?”

“అయితే పోయి టీవీనే పిండుకో.”

కోడలు రేణుక చూపు మాత్రం తొమ్మిదో మేకు మీదే ఆగేది. నిరుడు ఎర్రకోడెను ఆమే అంగడికి తోలుకుపోయి ఒక లారీ ఆసామికి అమ్మింది. నాలుగోనాటి ఉదయం ఆ పలుపు ముడి దానంతట అదే విడిపోయి, తాడు పొడుగ్గా నేలకు జారింది. ముడి విడితే కోడె ఏమైనట్టో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఓదెమ్మ దానికీ రోజూ ఆముదం రాస్తూనే ఉంది. రేణుక రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం మానేసింది. ఊడ్చిన వాకిలినే మళ్ళీ ఊడ్చేది. నీళ్ళకని బయలుదేరి, బిందె మరిచి, సగం దూరం నుంచి తిరిగొచ్చేది. భర్త రమేశ్ రెండేళ్ళుగా భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతున్నాడు. రూముకు అడ్వాన్సు కడితే రావచ్చునని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. ఓదెమ్మ రానంది. “నేనొస్తే గోడను ఎవలు చూస్తరు?” అంది, అంతే.

మిగిలిన జత కోడెలు మైలోడు, చుక్కోడు. వాటిని అమ్మితే అత్తకు ఏడాది గ్రాసం విడిగా పెట్టి, అడ్వాన్సు కట్టి, నాలుగు సామాన్లు కొనుక్కోవచ్చు. అన్నీ గడవాలంటే డెబ్బై వేలు రావాలి. రేణుక మనసులో ఇంకొక సంగతి కూడా ఉంది. ఈసారి పలుపులు కూడా ఇచ్చేయాలి. కబురే రాకపోతే ఏడుపూ ఉండదు.

జనగామ అంగడికి ట్రాలీ కిరాయి రెండున్నర వేలు. అమ్ముడుపోకపోతే తిరుగు కిరాయి ఇంకో రెండున్నర. ఈ లెక్క అమ్మేవాళ్ళకంటే కొనేవాళ్ళకు బాగా తెలుసు. ఎండ నెత్తికెక్కేదాకా ఎవరూ అసలు ధరకు దిగరు. తవుడూ పత్తిచెక్కా పెట్టి మూడేళ్ళు సాకిన కోడెల పళ్ళు చూసి, తోక మెలిపెట్టి, పెదవి విరిచి పోయినవాళ్ళే అంతా. పన్నెండు దాటాక దళారి కనకయ్య ఒక లారీ ఆసామిని వెంటబెట్టుకొచ్చాడు.

“మీ ఆయన్ను తోలుకరాకపోయినవా, చెల్లె? తువ్వాల కింద చెయ్యి పట్టాలె గదా.”

“మా ఆయనకు దూడకు దున్నకు తేడా తెల్వదు. నువ్వు తువ్వాల కప్పు అన్నా.”

అంగడిలో ధర నోటితో చెప్పరు, తువ్వాల కింద వేళ్ళతో చెబుతారు. ఆసామి ఒకసారి ఐదు వేళ్ళు పట్టి నొక్కాడు, మరోసారి రెండు. డెబ్బై.  రేణుక ఒప్పుకుంటున్నట్టు అతని చేతిని నొక్కబోయింది.

అప్పుడే ఆమె ఎడమచేతిలోని పలుపులు కదిలాయి. మైలోడి మెడ కింద ముడి నింపాదిగా వదులవుతోంది. పక్కనే చుక్కోడి ముడి కూడా.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. కనకయ్యా చూశాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఓదెమ్మ పేనిన తాళ్ళేనా ఇవి? ఆ ముసల్ది ఇంట్ల కూసుండే నా దలాలి మీద కొడ్తది.”

ఆసామి ఇంకో జత దగ్గరికి నడిచాడు. రేణుక ముడులు బిగించింది. ఎండ ఇంకా పెరిగింది. రెండు గంటలకు భూపాలపల్లి అవతలి తండా నుంచి వచ్చిన సోమ్లీ అనే నడివయసు మనిషి కోడెల ముందు కూర్చుంది.

“అరవై రెండు వేలున్నయ్ బిడ్డా. ఇంకో పైస లేదు. మా పత్తిల కలుపుకు గుంటుక తోలాలె. ట్రాక్టర్ వోతే చెట్లు ఇరుగుతయ్.”

రేణుక సోమ్లీ ముఖం చూడలేదు, ముడులనే చూసింది. అవి రాళ్ళలా ఉన్నాయి. ఎనిమిది వేలు తక్కువ. అంటే అడ్వాన్సు లేదు. భూపాలపల్లి లేదు. ఆమె తల ఊపింది.

“పలుపులు గూడ తీస్కపో అక్కా.”

సోమ్లీ రెండడుగులు వెనక్కి వేసింది. “పిచ్చి లేసిందా? పలుపు ఎవలన్న ఇస్తరా! మా తండల గూడ ఇయ్యరు.” సంచిలోంచి సొంత తాళ్ళు తీసి కట్టింది. ఫోన్ నంబరు రాయించుకుంటూ రమేశ్ సంగతీ రూము అడ్వాన్సు సంగతీ విని, కోడెలను తోలుకుపోయింది.

కిరాయి, అంగడి చిట్టీ పోగా మిగిలిన దాంట్లో అత్త గ్రాసం తీసి పక్కన పెట్టింది రేణుక. “ఈ యేడు గాదు,” అని రమేశ్‌కు చెప్పి ఫోన్ పెట్టేసింది. పది, పదకొండో మేకులకు పలుపులు వేలాడాయి. నలభై రోజులు అవి నెమ్మదిగానే ఉన్నాయి. రేణుకే నెమ్మదిగా లేదు.

పత్తి మోకాలెత్తు పెరిగిన ఒక ఉదయం ఆ రెండు పలుపులూ వేలాడటం మానేశాయి. ఈశాన్యం వైపు, ఎవరో కొస పట్టి లాగుతున్నట్టు గాలిలో అడ్డంగా సాగి నిలిచాయి. మేకులు కిర్రుమంటున్నాయి. ఓదెమ్మ తల వంచి వాటి కిందనుంచి దూరి పాలు పితకడానికి పోయింది. వాన సంగతి అడగవచ్చిన ఎల్లేశం తడి తువ్వాలను ఒకదాని మీద ఆరేశాడు.

“దండెం లెక్క మంచిగున్నది, అవ్వా.”

“మేత ముడ్తలేవురా. పనికి నిలుస్తలేవు,” అంది ఓదెమ్మ. తరువాత కోడలి వైపు తిరగకుండానే, “నిన్ను అడుగుతున్నయ్,” అంది.

మూడోనాడు సోమ్లీ ఫోన్ చేసింది. “కాడి పెడితే పండుకుంటున్నయ్ బిడ్డా. నా పత్తంత గడ్డిపాలైంది. నువ్వొచ్చి తోలు, కూలి ఇస్త. మా ఇంట్ల ఓ అర్ర ఖాళీనే. నీ మొగడు గూడ గిక్కడికెల్లే డ్యూటీకి పోవచ్చు. అడ్వాన్సు గిడ్వాన్సు నేనడగ.”

రేణుక అత్తను చూసింది. ఓదెమ్మ అప్పటికే గడపలో కూర్చుని జనుపనార విప్పుతోంది.

“పో. గోడను నేను జూస్కుంట.”

ఆ పగలంతా ఓదెమ్మ కొత్త పలుపు పేనింది. కొట్టంలో కట్టడానికి కొత్త దూడ లేదు.

మర్నాడు ఆటో వచ్చింది. ఓదెమ్మ ఆ పలుపును కోడలి మణికట్టుకు కట్టి, కొస పట్టుకుని ఆటో దాకా నడిచింది. అక్కడ విప్పి తన భుజాన వేసుకుంది.

“ఇదేంది అత్తా?”

“పలుపు ఇంట్లనే ఉండాలె.”

“నన్ను అమ్మినవా?” రేణుక నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది.

“అమ్మినోళ్ళే గాదు బిడ్డా. పంపినోళ్ళు గూడ పలుపు ఉంచుకుంటరు.”

“జల్ది, అవ్వా! బస్సు వోతది,” అన్నాడు ఆటో అబ్బాయి.

ఆ సాయంత్రానికి గోడ మీది జత పలుపులు మెల్లగా వాలి కిందికి దిగాయి. ఎల్లేశం ఆ పొద్దున ఆరేసిన తువ్వాల నేల మీద పడింది.

ఓదెమ్మ గోడకు ఇప్పుడు పన్నెండు మేకులున్నాయి. వానలు ముదిరాక ఒక ఉదయం ఎల్లేశం వచ్చి, “భూపాలపల్లి దిక్కు ఎట్లుంది?” అంటూ చివరి పలుపు మీద చెయ్యి వేయబోయాడు.

“దాన్ని పిండకు,” అంది ఓదెమ్మ. “గది వానకు గాదు.”

అది మిగతావాటిలా గోడకు అంటుకుని లేదు. పనికి నడిచిపోయే మనిషి చేయిలా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఓదెమ్మ ఆముదపు వేళ్ళతో ముడి తడిమి చూసింది. గట్టిగానే ఉంది.