ఏసుదాసు మాస్టారి రోంబోస్

ఏసుదాసు మాస్టారు సెమినరీలో గ్రీకు నేర్చుకున్నది సువార్త చదవడానికి. తీరా ఆ గ్రీకు పనికొచ్చింది రాజోలు కాలవగట్టు మీద ఉండే వీరవేణి కాపరానికి. యాభైయో సంవత్సరం నాటి మాట.

వీరవేణి మొగుడు అంజిబాబు ఇల్లరికపు అల్లుడు. రెండోసారి చేపముక్క అడిగితే అత్తగారు బంగారమ్మ "ఏం, కాలవ తవ్వొచ్చేరా?" అందని అలిగి, జొన్నాడలో తల్లి దగ్గర కూర్చున్నాడు. అత్తగారు స్వయంగా వచ్చి పిలిస్తేనే వస్తాట్ట. ఇల్లరికపు అల్లుడికున్న ఆస్తల్లా అలకే కదా! బంగారమ్మేమో గడప దాటనంది. మధ్యలో వీరవేణికి నిద్ర లేదు. ఆ మనిషంటే ఆవిడకి నిజంగా ప్రేమ. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

పక్కింటి అరుగు మీద మాస్టారు ప్రైవేటు పిల్లలకి జామెట్రీ చెబుతున్నారు.

"రాంబస్ అంటే పేకలో డైమను ఆకారం. గిరగిరా తిప్పడంలోంచి పుట్టిన మాటరా ఇది. గ్రీకువాళ్లు రోంబోస్ అనేవారు. తాడు కట్టి తిప్పితే బుయ్యిమనే చెక్క రోంబోస్, డప్పు రోంబోస్, ఓ బల్లపరుపు చేప కూడా రోంబోసే. పారిపోయిన మగాణ్ణి లాక్కురావడానికి ఆడవాళ్లు తిప్పే మంత్రపు చెక్కా అదే."

కంచె అవతల బియ్యం చెరుగుతున్న వీరవేణి చేట దించేసింది. డప్పూ చేపా ఆవిడకెందుకు?

"మాస్టారండీ, ఆ చెక్క ఎలా ఉంటుందండీ?"

"అవన్నీ మూఢనమ్మకాలమ్మా!"

"ఆయ్. ఎంత పొడుగుంటుందండీ?"

కొబ్బరిమట్ట చెక్కి, పీచుతాడు కట్టి, సందెవేళ గట్టుమీద నిలబడి తిప్పింది. బుయ్యిమంది. నాలుగు చుట్లు తిరిగిందో లేదో తాడు తెగి, చెక్క కాలవలో పడి కొట్టుకుపోయింది. వీరవేణి అక్కడే కూలబడి ఏడ్చింది. మళ్లీ చెయ్యడానికి మనసొప్పలేదు.

చెక్క సముద్రం వైపు పోయిందిగాని, కబురు జొన్నాడ వైపు పోయింది. దారిలో బాగా పెరిగింది కూడా.

కొన్నాళ్లకి అంజిబాబు పడవ దిగేడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆపేయవే నా తల్లీ! రోజూ తిప్పుతున్నావంట గదా! అన్నం సయించట్లేదు. కళ్లు మూస్తే నువ్వే. సందెవేళయ్యేసరికి గుండె పట్టి లాగేస్తోంది. మా అమ్మ తాయెత్తు కట్టించినా ఆగలేదు!"

వీరవేణి తాడు తెగిన సంగతి చెప్పబోయి నాలిక కరుచుకుంది.

"ఏ రోజు ఎక్కువ లాగిందండీ?"

"ఆదివారం. ప్రాణం పోయిందనుకున్నాను."

"ఆదివారం కాస్త గట్టిగా తిప్పేన్లెండి," అంది వీరవేణి, కళ్లు తుడుచుకుంటూ. "కాళ్లు కడుక్కోండి."