శ్రుతి: గౌస్ బాషా

నాదస్వర కచేరీకి వచ్చినవాళ్ళెవరూ నా వంక చూడరు. మధ్యలో మా తమ్ముడు మీరా హుస్సేన్ కూర్చుంటాడు, అతని పక్కన డోలు వాయించే ఆదెయ్య. వాళ్ళ వెనక, రాటకి ఆనుకొని, పొడుగాటి సన్నాయి ఒకటి నోట్లో పెట్టుకొని బుగ్గలు పూరించి ఒకడుంటాడే, వాణ్ణి నేను. నా సన్నాయిని ఒత్తు అంటారు. దాని మీద వేళ్ళు ఆడించేది ఏమీ లేదు. రంధ్రాలన్నీ మైనంతో మూసేసి ఉంటాయి. వచ్చేది ఒకటే స్వరం. మా తమ్ముడు ఆ స్వరాన్ని పట్టుకొని రాగమంతా తిరిగి మళ్ళీ దాని దగ్గరికే వస్తాడు. నేను మాత్రం ఎక్కడికీ కదలను.

కచేరీ మూడు గంటలు సాగితే మూడు గంటలూ ఆ స్వరం తెగకూడదు. బుగ్గల్లో నిలవపెట్టుకున్న గాలిని వదులుతూనే, ముక్కుతో కొత్త ఊపిరి తీసుకోవాలి. చిన్నప్పుడు మా నాన్న గిన్నెలో నీళ్ళు పోసి, సన్నటి గొట్టం ఒకటి చేతికిచ్చి, బుడగలు ఆగకుండా ఊదమనేవాడు. బుడగ ఆగితే వీపు మీద ఒకటి పడేది. తమ్ముడికీ నాకూ నాలుగేళ్ళు తేడా. ఇద్దర్నీ కొన్నాళ్ళు చూసి, "పెద్దోడికి వేళ్ళు లేవు, ఊపిరుంది. చిన్నోడికి వేళ్ళున్నయ్" అని తేల్చేశాడు. వాడికి నాదస్వరం వచ్చింది, నాకు ఒత్తు వచ్చింది. అంతే. మళ్ళీ ఎవరూ నన్ను అడగలేదు.

పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ నసీమున్నీసా, "నువ్వు ఊదే పాట మా ఇంట్లో తిరగలి కూడా పాడుద్ది" అని నవ్వేది. ఊళ్ళో వాళ్ళు "ఏరా గౌసూ, ఇంకా ఆ ఒక్క అక్షరమే నేర్చుకుంటన్నావా?" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. కానీ పైకి నవ్వి ఊరుకునేవాణ్ణి. ఎందుకంటే నా దగ్గర ఒక మాట దాచి ఉంది.

ఆ మాట అన్నది గుంటూరు బ్రాడీపేటలో అనంతపద్మనాభం గారు. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఏటా శ్రీరామనవమి పందిట్లో కల్యాణానికి ముందు మా కచేరీ పెట్టించేది ఆయనే. మొదటి వరసలో కళ్ళు మూసుకొని కూర్చుంటే అయిపోయిందాకా తెరిచేవారు కాదు. డెబ్భైలో ఒక నవమి రోజున కచేరీ అవగానే ఆయన లేచి, తమ్ముణ్ణి దాటుకొని, తిన్నగా నా దగ్గరికొచ్చారు. "మీ తమ్ముడి రాగం అందరూ వింటారయ్యా. నేను నీ శ్రుతి వింటాను. అది వెంట్రుకవాసి జారినా నాకు తెలిసిపోతుంది. నీది జారదు" అన్నారు. పదిహేడేళ్ళు ఆ మాట మీదే బతికాను. ఇది గొప్పకి చెప్పడం లేదు. మా ఊరి పీర్ల చావిడి దగ్గర ఎవడన్నా నన్ను ఎగతాళి చేసినప్పుడల్లా, వినాల్సినవాడు విన్నాడులే అనుకొని ఇంటికి పోయేవాణ్ణి.

ఎనభై అయిదులో తమ్ముడు మద్రాసు వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. అన్నం క్యారియర్ కంటే చిన్నది. కరెంటు ప్లగ్గు పెట్టి మీట తిప్పితే చాలు, జుమ్మంటూ శ్రుతి వస్తుంది. తెగదు, దగ్గదు, మంచినీళ్ళడగదు. అందరూ దాని చుట్టూ చేరి ముచ్చటపడ్డారు. నేనూ పడ్డాను. నాకు అర్థం కావడానికి పది రోజులు పట్టింది. నల్లపాడులో పెళ్ళి వాళ్ళు అంబాసిడర్ కారు పంపారు. డోలు డిక్కీలో పెట్టారు, మావాళ్ళతోపాటు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళూ ఎక్కారు. నేను ఒత్తు సంచీ పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాను. "అన్నా, చోటు లేదు గదా. ఈ ఒక్కసారికీ పెట్టెతో లాగిస్తాంలే" అన్నాడు తమ్ముడు. పెట్టె ఆదెయ్య ఒళ్ళో కూర్చొని ఉంది. ఆ తర్వాత పిలుపే లేదు. వాడు నన్ను మానిపించలేదు, నేను మానలేదు. చోటు లేదంతే.

అంకమ్మరావు గారి మిరప కళ్ళంలో పనికి కుదిరాను. ఎర్రగా ఎండిన కాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరడం, మంచి కాయల్ని గోతాల్లో పోసి కాళ్ళతో తొక్కడం. తొక్కుతుంటే లేచే దుమ్ము ముక్కుకి గుడ్డ కట్టుకున్నా ఆగదు. రెండో ఏడు వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. వేళ్ళు లేవని నాన్న అన్నాడు సరే, ఆ ఊపిరి కూడా మిరపకాయలకే పోయింది.

మొన్న ఎనభై ఏడు నవమికి ఇంకా పన్నెండు రోజులుందనగా తమ్ముడు కళ్ళానికే వచ్చాడు. చేతిలో గులాబీ రంగు కరపత్రం. నాదస్వరం మీరా హుస్సేన్, డోలు ఆదెయ్య అని ఉండి, కింద చిన్న అక్షరాల్లో "శ్రుతి: గౌస్ బాషా" అని అచ్చేసి ఉంది.

"పోయినేడు పెట్టె చూశాడుగా, పెద్దాయన ఈసారి దాన్ని పందిట్లోకి రానీనన్నాడంటన్నా. యంత్రం మోత నేను వినను, గౌస్ బాషా రావాల్సిందే అన్నాడంట."

నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. చుట్టుపక్కల వాళ్ళు కాయల ఘాటు అనుకున్నారు.

"వస్తాలేరా" అన్నాను.

తమ్ముడు కాస్త పక్కకి తీసుకెళ్ళాడు. "అది కాదన్నా. పెట్టె తెస్తాను. నీ వెనక కండువా కప్పి పెడతాం. నువ్వు ఒత్తు నోట్లో పెట్టుకొని కూచో. ఊదబాక."

"ఎందుకు ఊదకూడదు?"

"నీ దగ్గు నాకు తెలీదా? నట్టనడి మధ్యలో తెగితే పందిట్లో నా పరువేం గావాల? పెట్టె మోగుతుండంగా నువ్వూ ఊదావంటే రెండూ కలవవు. ఆయన కళ్ళు మూసుకొని వింటాడు, కనిపెట్టలేడు."

ఇంకొకడైతే ఆ కరపత్రం వాడి మొహాన కొట్టేవాడు. నాకు ఆ పౌరుషం లేకపోయింది. రెండేళ్ళలో నన్ను పిలవడం అదే మొదలు. సరేనన్నాను. కానీ మనసులో అనుకున్నాను, నా ఊపిరి సంగతి వీడికేం తెలుసు, ఆ రోజు ఊది చూపిస్తాను అని.

నసీమున్నీసాకి మాత్రం చెప్పాను. ఆవిడ మిరియాలు, అల్లం, తాటిబెల్లం వేసి రోజూ కషాయం కాచేది. తెల్లారగట్ట గిన్నెలో నీళ్ళు పోసుకొని, చిన్నప్పటిలాగే గొట్టంతో బుడగలు ఊదుతూ కూర్చునేవాణ్ణి. మొదటి రోజు రెండు నిమిషాలకే దగ్గు తన్నుకొచ్చింది. కళ్ళానికి వెళ్ళడం మానేశాను. ఆరో రోజుకి పావుగంట. పదకొండో రోజున బుడగలు అరగంట ఆగలేదు. పక్కనే కూర్చొని చూస్తున్న నసీమున్నీసా, "అరగంట నా కళ్ళెదురుగానే ఊదావు గదా, ఇంకేం గావాల" అంది. ఈసారి తిరగలి మాట ఎత్తలేదు. యాభై మూడేళ్ళ వయసులో పసివాడిలా సంబరపడ్డాను.

నవమి నాడు పొద్దున తొమ్మిదింటికి పందిట్లో కూర్చున్నాం. పెట్టె నా వెనక, కండువా కింద. మైకు వాళ్ళ బోర్డు నుంచి దానికి వైరు లాగారు. తమ్ముడు హంసధ్వని మొదలుపెట్టాడు. నేను ఒత్తు నోట్లో పెట్టుకొని దొంగబుగ్గలు పూరించాను. వెనక పెట్టె మోగుతోంది. ఊదకుండా ఊదినట్టు కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అనంతపద్మనాభం గారు మొదటి వరసలో కళ్ళు మూసుకొని ఉన్నారు. ఎలాగైనా ఊదుదామని రెండుసార్లు ఊపిరి బిగబట్టాను. రెండు శ్రుతులు కలవకపోతే ఆయనకి తెలిసిపోతుందని భయపడి మానేశాను.

తమ్ముడు కల్యాణి అందుకొని రాగం పెంచుతున్నాడు. పదిన్నరకి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మైకు ఆగింది. నా వెనక పెట్టె గొంతు పడిపోయింది. తమ్ముడు ఊదడం ఆపకుండానే తల సగం తిప్పి నా వంక చూశాడు. ఆ చూపులో పరువూ లేదు, అన్నదమ్ముల లెక్కా లేదు. ఊదు అంది ఆ చూపు, అంతే. నేను అల్లా అనుకున్నానో రామా అనుకున్నానో గుర్తు లేదు. ఊదాను.

స్వరం వచ్చింది. నిండుగా, తమ్ముడి నాదానికి అతుక్కుపోయి వచ్చింది. రెండేళ్ళయినా ఒత్తు కొసన ఉన్న రెల్లు పీక నన్ను మర్చిపోలేదు. బుగ్గల్లో గాలి ఉండగానే ముక్కుతో కొత్త ఊపిరి లాగాను. అప్పుడే పందిరి వెనక వంటవాళ్ళు పులిహోర పోపులో ఎండుమిరపకాయలు వేశారు.

ఆ ఘాటు లోపలికంటా పోయింది. స్వరం పుటుక్కున తెగింది. కండువా నోటికి అడ్డం పెట్టుకొని వంగిపోయి దగ్గాను. ఆదెయ్య చూశాడు. చూసి, నా దగ్గు బయటికి వినపడకుండా డోలు మీద చెయ్యి పెంచాడు. మళ్ళీ ఊదబోయాను, గాలి రాలేదు. మూడోసారి దగ్గు ఒక్కటే వచ్చింది. ఒత్తు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకొని, బుగ్గలు పూరించి, మళ్ళీ బొమ్మలా కూర్చున్నాను.

తమ్ముడు శ్రుతి లేకుండానే ఊదుతున్నాడు. ఇక్కడ ఒక పాపిష్టి మాట చెప్పాలి. వాడు జారాలని కోరుకున్నాను. నా తోడబుట్టినవాడు, నా చేతుల్లో పెరిగినవాడు, అంతమంది ముందు అపశ్రుతి పలకాలని కోరుకున్నాను. ఒక్కసారి జారితే చాలు, నేను దేనికి పనికొస్తానో వాడికీ జనానికీ తెలుస్తుంది. చెవులు రిక్కించి కాచుకున్నాను. వాడు రాగమంతా తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ వచ్చి సరిగ్గా నా స్వరం ఉండాల్సిన చోటే వాలాడు. అక్కడ నేను లేను. వాడికి అవసరమూ లేకపోయింది. ఇరవై నిమిషాలు అలా ఊదాడు. పందిట్లో ఒక్క మనిషి కదల్లేదు.

కరెంటు రాలేదు. కచేరీ అయిపోయింది. అనంతపద్మనాభం గారు కళ్ళు తెరిచి లేచారు. పదిహేడేళ్ళ కిందటిలాగే తమ్ముణ్ణి దాటుకొని నా దగ్గరికి వస్తున్నారు. నేను తెగిపోయిన సంగతి ఆయనకి తెలిసిపోయింది, అందరి ముందూ తిడతారు, తిట్టాలి అనుకున్నాను. ఆ క్షణంలో ఆయన తిట్టి ఉంటే కాళ్ళకి మొక్కేవాణ్ణి.

ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇదయ్యా శ్రుతి అంటే!" అన్నారు. "మైకు పోయింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దంలో నీ శ్రుతి ఎంత శుద్ధంగా నిలబడిందయ్యా! యంత్రం ఇస్తుందా ఇది? అందుకే నువ్వు రావాలని పట్టుబట్టాను." మెళ్ళో ఉన్న జరీ కండువా తీసి నా భుజాల మీద వేశారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తమ్ముడు తల వంచుకొని నాదస్వరం పీకలు తుడుచుకుంటున్నాడు. ఆదెయ్య ఎటో చూస్తున్నాడు.

"చిత్తమండి" అన్నాను. ఇంకేమనను?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆలోచించాను. ఆ ఇరవై నిమిషాలూ ఆయన విన్నది ఏమిటి? నేను ఊదని స్వరాన్ని అంత శుద్ధంగా విన్నాడంటే, డెబ్భైలో ఊదినప్పుడు మాత్రం ఏం విన్నాడు? నేను ఉన్నా లేకపోయినా ఆ పెద్దాయనకి ఒకటేనన్నమాట. ప్రపంచంలో ఒక్కడు విన్నాడని నేను దాచుకున్నది, ఎవరూ విననిదన్నమాట.

తమ్ముడు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. వాడు మంచివాడు, ఓదార్చుదామనే అన్నాడు. "పెద్దాయన అంత మెచ్చుకున్నాడుగా అన్నా, ఇంకేంది? వచ్చే ఏడు కూడా రా. ఊదకపోయినా పర్లేదు, పట్టుకొని కూచో, చాలు."

ఇంటికి చేరేసరికి నసీమున్నీసా గుమ్మంలోనే ఉంది. భుజం మీద జరీ కండువా చూసి మొహం ఇంత చేసుకుంది.

"ఊదావా?"

"ఊదానంట."

"అంట ఏంది? దగ్గు రాలేదా?"

"పెద్దాయన బాగా ఊదానన్నాడు."

ఆవిడ ఆ కండువా తీసుకొని మా మరదలికి చూపించడానికి పరుగెత్తింది. నేను సంచీలోంచి ఒత్తు తీసి మేకుకి తగిలించాను. మర్నాడు పొద్దున లేచేసరికి పొయ్యి మీద మిరియాలు మరుగుతున్నాయి. ఇంక కాయొద్దన్నాను. "పండగ అయిపోయిందనా? ఈ పూట కూడా తాగు, ఊపిరి నిలవాలిగా" అంది.

"నా ఊపిరితో ఎవరికీ పన్లేదులేవే" అన్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకోకుండానే కళ్ళానికి బయల్దేరాను.